అక్కడ బట్టలు ఆరతాయా?

బదరీనాథ్ ప్రయాణానికి నాలుగు రోజుల ముందు నేనూ మా అమ్మా మాట్లాడుకోవడం మానేశాం. కారణం పెద్దదేం కాదు, ఒక సూట్‌కేసు. నేను సర్దినవి ఆవిడ తీసేస్తోంది, ఆవిడ పెట్టినవి నేను తీసేస్తున్నాను. మా శ్రీవారు కాసేపు అటూ, కాసేపు ఇటూ చూసి, పేపరు పట్టుకుని వీధరుగు మీదికి వెళ్ళిపోయారు. ఇలాంటి సమయాల్లో ఆయన తెలివి అమోఘం.

నా తప్పేముందో మీరే చెప్పండి. బదరి పదివేల అడుగుల పైచిలుకు ఎత్తున ఉంది. మే నెలలో కూడా పొద్దున్న ఎండ, మధ్యాహ్నం వాన, రాత్రి ఎముకలు కొరికే చలి. సెల్‌ఫోన్‌లో చూస్తే గంట గంటకీ బొమ్మ మారిపోతోంది. అంచేత నేను రెండు దళసరి స్వెట్టర్లూ, ఓ బరువైన కోటూ, మా అమ్మాయి బలవంతం మీద కొన్న జీన్సు ప్యాంట్లు రెండూ పెట్టాను. మా అమ్మ పెట్టినవేమిటో తెలుసా? కట్టీ కట్టీ పలచబడిపోయిన బండారులంక నేతచీరలు ఆరు, పాత తువ్వాళ్ళు మూడు, మా శ్రీవారి పాత చొక్కాలు రెండు, పది బారల దండెం తాడు ఒకటి.

"కొండ మీదికి తాడెందుకమ్మా?" అన్నాను.

"అక్కడ బట్టలు ఆరతాయా?" అంది.

"చలి ఎంతుంటుందో ఫోన్లో చెబుతున్నాడమ్మా. చూడు కావలిస్తే."

"చలి సంగతి నేనడిగానా? ఆరతాయా అని కదూ అడిగాను!"

అక్కడితో మాటలు ఆగిపోయాయి.

కానీ ఆ ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. మా అమ్మమ్మ కూడా అదే అడిగేది. కాకినాడ కాలేజీలో నన్ను చేర్పించిన రోజున, హాస్టల్లో అన్నం ఎలా పెడతారనీ, ఆడపిల్లలకి కాపలా ఉంటుందా అనీ అందరూ అడుగుతూంటే, ఆవిడ మాత్రం "మేడ మీద దండెం ఉందిటే?" అని అడిగింది. నవలలు రాసే పిచ్చి ఉన్నదాన్ని కాబట్టి, ఈ దండెం గొడవ ఎక్కడ మొదలైందో చూద్దామనిపించింది. తవ్వుకుంటూ పోతే, ఇది మా ఇంటి చాదస్తం కాదనీ, నీళ్ళ మధ్య బతికిన ఓ సీమ మొత్తం ప్రయాణాల గురించి వేసుకున్న ప్రశ్న అనీ తేలింది.

కోనసీమని మ్యాపులో ఓసారి చూడండి. ధవళేశ్వరం దగ్గర గోదావరి చీలి తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ అవుతుంది. గన్నవరం దగ్గర వసిష్ఠలోంచి వైనతేయ పుడుతుంది. దక్షిణాన సముద్రం. రావులపాలెం వైపు రోడ్డు వంతెనలు వచ్చేదాకా అమలాపురం వాళ్ళు గానీ, రాజోలు వాళ్ళు గానీ, కొత్తపేట వాళ్ళు గానీ రైలెక్కాలంటే ముందు పడవెక్కాల్సిందే. కాకినాడ వెళ్ళేవాళ్ళకి కోటిపల్లి రేవు, లేదా ఎదుర్లంక దాటి యానాం. నరసాపురం వెళ్ళేవాళ్ళకి సఖినేటిపల్లి రేవు. కాటన్ దొర పుణ్యమా అని 1852 నాటికి ఆనకట్ట పూర్తయి, కాలవలు తవ్వాక, కాలవ పడవల్లో రాత్రంతా ప్రయాణం. గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగుతూంటే, లోపల పిల్లలు నిద్రపోయేవారట.

పడవ అడుగున ఎప్పుడూ ఇన్ని నీళ్ళుంటాయి. అందువల్ల మా వైపు పెట్టె సర్దడానికి ఒక శాస్త్రం ఏర్పడింది. అడుగున ముతక దుప్పటి, తడిస్తే అది తడుస్తుంది. నడుమ పట్టుబట్టలు. వాటికి అటూ ఇటూ రోజూ కట్టుకునేవి. అన్నిటికన్నా పైన తువ్వాలు, ఎందుకంటే రేవు దాటగానే మొదట కావలసింది అదే. పెట్టె మీద మైనపుగుడ్డ. పురుగు పట్టకుండా ఎండు వేపాకు, మంచి బట్టల్లో నాలుగు లవంగాలు. ఇదంతా అమ్మమ్మ నాకు పాఠంలా చెప్పింది. నేను ఇప్పటికీ విమానంలో వెళ్ళినా సరే తువ్వాలు పైనే పెడతాను. విమానం అడుగున నీళ్ళుండవని తెలిసి కూడా.

కోటిపల్లి అన్నాను గనక ఓ మాట. 1928లో కాకినాడ నుంచి కోటిపల్లికి రైలు వేశారు. రేవు దాటగానే రైలు! మా వాళ్ళు మహా సంబరపడ్డారట. పన్నెండేళ్ళు తిరక్కుండానే, 1940లో, యుద్ధానికి ఇనుము కావాలని పట్టాలు పీకి మూటగట్టుకుపోయారు. మళ్ళీ ఆ రైలు కూత వినిపించింది 2004లో. అరవైనాలుగేళ్ళు! మా అమ్మమ్మ పెళ్ళి, పురుళ్ళు, మనవల పెళ్ళిళ్ళు అన్నీ రైలు లేని కాలంలోనే అయిపోయాయి.

సఖినేటిపల్లి రేవు కథ ఇంకా తమాషాగా ఉంటుంది. అక్కడ పంటు ఎక్కితే అవతలి ఒడ్డున దిగేది మాధవాయపాలెంలో. నేనూ చాలాసార్లు దిగాను, బజ్జీలు తిన్నాను, ఆ ఊరు ప్రపంచానికి ఒక గుడ్డ పేరు ఇచ్చిందని మాత్రం ఎరగను. 17వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ వాళ్ళు అక్కడ బట్టల వ్యాపారానికి కోఠీ పెట్టారు. చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన మెత్తటి నూలుగుడ్డ ఓడలెక్కి వెళ్ళింది. ఊరిపేరు వాళ్ళ నోట పలక్క 'మాడపోలం' అయింది. ఇంగ్లీషు నిఘంటువుల్లో ఇప్పటికీ ఉంది చూడండి. నిత్యం మబ్బూ, జల్లూ, చలీ ఉండే దేశానికి, వాళ్ళ చలి ఎలా ఉంటుందో కలలో కూడా ఎరగని మన వాళ్ళు గుడ్డలు నేసి పంపారన్నమాట. ఆ తరవాత ఆ గుడ్డని లంకషైరు మిల్లుల్లో వాళ్ళే నేసుకోవడం మొదలెట్టారు, పేరు మాత్రం మనదే ఉంచారు. రెండో ప్రపంచ యుద్ధంలో మాస్కిటో అనే చెక్క విమానాల ఒంటికి చుట్టింది కూడా మాడపోలం గుడ్డే. ఆ విమానాలు బర్మా వైపు వచ్చాక ఇక్కడి ఉక్కకీ తేమకీ చెక్క అతుకులు ఊడి, కొన్ని కూలిపోయాయట. చలిదేశంలో తొడిగిన బట్ట వానదేశంలో పనికొస్తుందో రాదో దొరలు కూడా ముందుగా అడగలేదు. మా తాతమ్మని అడిగి ఉంటే చెప్పేది.

తాతమ్మ సంగతికి వస్తాను. దానికి ముందు ఇంకో పెట్టె చూడాలి.

తెలుగువాళ్ళ ప్రయాణాల్లో అన్నిటికన్నా పెద్ద పెట్టె సర్దింది ఏనుగుల వీరాస్వామయ్యగారి ఇంట్లో అని నా నమ్మకం. ఆయన చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న కుటుంబంతో, నూరుమంది దాకా పరివారంతో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. పదిహేను నెలల పదిహేను రోజులు. దారిపొడుగునా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారికి రాసి పంపినదే 'కాశీయాత్ర చరిత్ర' అయింది. 1838లో, ఆయన పోయిన రెండేళ్ళకి, ఆ స్నేహితుడే అచ్చు వేయించారు. ఏ ఊళ్ళో ఏ సరుకు దొరుకుతుంది, ఏ దారి ఎలా ఉంది, ఎక్కడ నీళ్ళు మంచివి, అన్నీ ఉంటాయి అందులో. చరిత్రకారులకి అదో పెన్నిధి.

నేను మాత్రం ఆ పుస్తకాన్ని పంచాంగం పక్కన పెట్టుకుని చదివాను. మే 18 అంటే రోహిణీకార్తె ముంగిట్లో ఎండ. హైదరాబాదు, నాగపూరు దారిలో వానలు. ప్రయాగ, కాశీ, గయల్లో ఉత్తరదేశపు చలికాలం. కలకత్తా చూసుకుని, జగన్నాథం మీదుగా మన రాజమహేంద్రవరం వైపు దిగి వచ్చేసరికి మళ్ళీ వేసవి, ఇల్లు చేరేసరికి రెండో వానాకాలం. అంటే ఆరు ఋతువులూ చూసి, రెండు మళ్ళీ చూశారు. మగవాళ్ళు దారి లెక్క వేసుకుంటారు సరే, చెన్నపట్నంలో కూర్చుని కాశీ చలికి ఏం పెట్టాలో నిర్ణయించిన ఆడవాళ్ళెవరు? చెన్నపట్నంలో చలి అంటే మార్గశిరంలో పొద్దున్నే చెవులకి కట్టుకునే గుడ్డ! పల్లకీలూ, డేరాలూ, కావడి పెట్టెలూ. ఆ కావడి పెట్టెల్లో ఏముందో చెప్పే పుస్తకం ఎవరూ రాయలేదు.

రాయకపోయినా, ఒక వస్తువు మాత్రం అలాంటి ప్రయాణాల్లో ఉండి తీరుతుందని నేను పందెం కాస్తాను. అది ధావళి.

ఈ కాలపు పిల్లలకి ధావళి అంటే తెలీదు. మడి కట్టుకోవడానికి వాడే ఉన్నిబట్ట. మడి అంటే తెలుసుగా, స్నానం చేసి, ఎవరూ ముట్టుకోకుండా ఆరేసిన బట్టని కర్రతో దండెం మీంచి తీసి కట్టుకుని వంట చేయడం. ఎండాకాలం బాగానే ఉంటుంది. శ్రావణ భాద్రపదాల్లో ముసురు పట్టిందంటే నూలుచీర రెండు రోజులైనా ఆరదు. ఆరని చీర కట్టుకుని పొయ్యి ముందు కూచుంటే ఆవిడకి రొంప, మానేస్తే ఇంటిల్లిపాదికీ పస్తు. ఉన్నికీ పట్టుకీ రోజూ తడపనక్కర్లేకుండానే మడి చెల్లుతుందని పెద్దలు ఒక వెసులుబాటు పెట్టారు. అందువల్ల జన్మలో చలి ఎరగని మా కోనసీమ ఇళ్ళల్లో కూడా ఒక ఉన్నిబట్ట ఉండేది. చలి కోసం కాదు, వాన కోసం! తడిసినా ఒంటికి చల్లగా తగలదు, తడవకపోతే ఉతకనక్కర్లేదు. ఆచారం అనే పేరు పెట్టుకుని ఆడవాళ్ళు ఎంత తెలివైన పని చేసుకున్నారో చూడండి. అయితే ఆ వెసులుబాటు ధావళి కొనుక్కోగల ఇళ్ళకే. లేనివాళ్ళు తడిచీరలోనే పొయ్యి ఊదారు, కూలికి వెళ్ళినవాళ్ళు తడిచీరలోనే నాట్లు వేశారు. అదీ చెప్పుకోవాలి.

ఇప్పుడు తాతమ్మ. అంటే మా అమ్మమ్మకి అమ్మ.

గౌతమి అవతల, యానాం దాటితే కోరంగి. ఒకప్పుడు పెద్ద రేవు. 1839 తుపానుకి సముద్రం మీదపడి ఆ ఊరు సర్వనాశనమైంది. అయినా పేరు పోలేదు. బర్మాలో తెలుగువాళ్ళందర్నీ 'కోరంగీలు' అనేవారు. మన జిల్లాల్లో రంగూన్‌ని 'రంగం' అనేవారు. రంగం వెళ్ళాడంటే సంపాదనకి వెళ్ళాడని అర్థం. ధాన్యం మిల్లుల్లో, రేవుల్లో పనికి వేలకి వేలు మనవాళ్ళు వెళ్ళారు. చాలామంది కూలీలు, కొద్దిమంది గుమాస్తాలు. మా ముత్తాతగారు ఓ ధాన్యం మిల్లులో గుమాస్తా పనికి 1939లో బయల్దేరారు. ఇక్కణ్ణించి చెప్పేది మా అమ్మమ్మ నోటి మాట. కుటుంబ కథ కాబట్టి సాక్ష్యాలు అడక్కండి.

రంగం నుంచి వచ్చినవాళ్ళు ఎవరైనా ఊళ్ళోకి వస్తే, మగవాళ్ళు చుట్టూ చేరి జీతమెంత, బియ్యం ధర ఎంత అని అడిగేవారట. తాతమ్మ తలుపు చాటున నిలబడి, ఆరేళ్ళ కూతుర్ని, అంటే మా అమ్మమ్మని, పంపించి ఒకే ఒక్క ప్రశ్న అడిగించిందట.

"అక్కడ బట్టలు ఆరతాయా అని అమ్మ అడగమందండీ."

అందరూ నవ్వారట. వచ్చినాయన నవ్వలేదట. "ఆరవని చెప్పమ్మా. వైశాఖం వెళ్ళిందగ్గర్నుంచి దసరా దాకా ఆరవు. ఆయ్!" అన్నాడట.

నిజమే మరి. రంగూన్‌లో ఏడాదికి పడే వాన మన కోనసీమ వానకి రెట్టింపు పైమాటే. ఆ విషయం ఇప్పుడు నాకు పుస్తకాలు చెబుతున్నాయి, తాతమ్మకి ఒక్క ప్రశ్నతో తెలిసిపోయింది. ఆవిడ పెట్టెలోంచి నాలుగు దళసరి పంచెలు తీసేసి పలచటివి పెట్టింది. దండెం తాడు పెట్టింది. అన్నిటికిందా, ముతక దుప్పట్లో చుట్టి, తన పుట్టింటివారు పెట్టిన ధావళి పెట్టింది.

ఇంట్లో పెద్ద రభస. "సముద్రం దాటే పెట్టెలో మడిబట్టా! కొడుకు దాటడం చాలక, ఆచారం కూడా దాటాలా?" అని ఆవిడ అత్తగారు రెండు రోజులు అన్నం తినలేదట. తాతమ్మ మాట్లాడలేదు, తీయనూ లేదు. తరవాత ఈ ఇంట్లో వానాకాలమంతా తడిబట్టతోనే వంట చేసుకుంది. మూడేళ్ళు.

కాకినాడలో అప్పట్లో ఓడ ఒడ్డుకి వచ్చేది కాదు. దూరంగా సముద్రంలో నిలబడేది. పడవల మీద వెళ్ళి ఎక్కాల్సి వచ్చేది. పెట్టె అక్కడే ఒకసారి తడిసి ఉంటుంది.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపానువాళ్ళు బాంబులు వేశారు. 1942 మార్చిలో ఊరు వాళ్ళ చేతికి చిక్కింది. ఓడల్లో చోటు దొరికినవాళ్ళు దొరికారు. లేనివాళ్ళు నడిచారు. నాలుగైదు లక్షలమంది భారతీయులు బర్మా వదిలి పారిపోయి వచ్చారని లెక్కలు. దారిలో పోయినవాళ్ళు వేలు, పదివేలు. అందులో తెలుగువాళ్ళెందరో, ఏ ఇళ్ళ దీపాలో. కొందరు అరకాను వైపు, కొందరు మండలే మీదుగా తమూ దాటి, మణిపురం కొండలెక్కి ఇంఫాలు వైపు. ముత్తాతగారిది రెండో దారి. ఎవరికీ మోయడానికి మనిషి లేడు. పెట్టెలన్నీ మండలేలోనే గుట్టలుగా పడి ఉన్నాయట. పట్టుబట్టలు, వెండి గ్లాసులు, పెళ్ళి ఫోటోలు, అన్నీ. ఆయన కూడా పెట్టె వదిలేసి, ఒక చెంబు, రెండు పంచెలు, ధావళి మూటకట్టుకున్నారు. ధావళి ఎందుకు తెచ్చుకున్నారంటే, అది మా తాతమ్మది గనక. అంతకన్నా కారణం లేదు. అది ఎలా పనికొస్తుందో ఆయనకేం తెలుసు?

మే నెలలో వానలు పట్టుకున్నాయి. పగలు ఉక్క, జలగలు. ఎత్తెక్కితే రాత్రిళ్ళు చలి. ఒంటిమీద పంచె తొమ్మిది రోజులు ఆరలేదని చెప్పేవారట. ఆయన పక్కన నడిచినవాళ్ళలో జ్వరాలొచ్చి కూలబడ్డవాళ్ళని వదిలేసి రావాల్సి వచ్చింది. ఆ సంగతి మాత్రం ఆయన ఒక్కసారే చెప్పి, మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు. రాత్రి పూట తడిసిన ధావళిని పిండి చుట్టుకుంటే, తడిగా ఉన్నా వెచ్చగా ఉండేదట. దేవుడి మహిమ అనుకున్నారాయన. దేవుడి మహిమే, గొర్రె ద్వారా. నూలుగుడ్డ తడిస్తే ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఉన్ని తన బరువులో దాదాపు మూడోవంతు తేమని లోపలికి పీల్చుకుని కూడా, పోగుల మధ్య గాలిని వదలదు. ఆ గాలే వెచ్చదనం. కొండదారుల్లో తిరిగేవాళ్ళు ఈరోజున ఒకే దళసరి కోటు కన్నా, పలచటి బట్టలు ఒకదానిమీద ఒకటి వేసుకోమని చెప్పేది కూడా అందుకే. పొరపొరకీ మధ్య గాలి ఉంటుంది, ఎండొస్తే ఒక్కోటీ తీసేయొచ్చు, తడిస్తే తొందరగా ఆరతాయి.

దిమాపూరులో రైలు దొరికింది. రాజమండ్రిలో దిగి, కాలవ పడవలో ఊరు చేరేసరికి, మనిషిని అమ్మమ్మ గుర్తు పట్టలేదట. ధావళిని గుర్తు పట్టిందట.

ఇప్పుడు చిక్కు ఏమిటంటే, ఆ ధావళిని ఏం చెయ్యాలి? ఎన్ని మైలలు తగిలాయో దానికి! సముద్రం, రోగం, చావు. తాతమ్మ దాన్ని కాలవలో నాలుగుసార్లు ఉతికి, ఇంట్లో దండెం దగ్గరికి తీసుకెళ్ళి ఆగింది. అత్తగారు వచ్చి చూసింది. మడి దండెం మీద వెయ్యనివ్వలేదు. అలాగని పారెయ్యనూ లేదు. తనే తీసుకెళ్ళి పడకగదిలో కొడుకు మంచం మీద కప్పింది. ఆ తరవాత మా ఇంట్లో ఎవరికి పురుడొచ్చినా పసిబిడ్డని దాన్లోనే చుట్టేవారు. మా అమ్మనీ చుట్టారు. నా వంతు వచ్చేసరికి అది చిల్లులు పడిపోయిందట. ఒక చేతిరుమాలంత ముక్క అమ్మ దగ్గర ఉంది.

తాతమ్మ ఎన్నడూ కోటిపల్లి రేవు దాటి దూరం వెళ్ళలేదు.

మా సీమలో పెట్టె సర్దని మరో మహాతల్లి కథ అందరికీ తెలిసిందే. లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు, 1841 నుంచి 1909 దాకా బతికిన అన్నపూర్ణ. గన్నవరం రేవు దాటేవాళ్ళు, గోదావరి పోటెత్తి చిక్కుకుపోయినవాళ్ళు, అర్ధరాత్రి తడిసి ముద్దయి వచ్చినవాళ్ళు, అందరికీ అక్కడే భోజనం. ఆవిడ జీవితంలో ఒకసారి అంతర్వేది నరసింహస్వామిని చూద్దామని బయల్దేరితే, దారిలో ఎవరో ఆకలితో "గన్నవరం చేరితే సీతమ్మగారింట్లో తినొచ్చు" అనుకోవడం చెవిన పడి, వెనక్కి తిరిగిపోయిందని చెప్పుకుంటారు. ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకం ఉత్సవాలకి రమ్మన్నా వెళ్ళలేదు, ఫోటో ఒక్కటే వెళ్ళింది. అంతర్వేది ఎంత దూరమని! ఒక్కపూట ప్రయాణం. గొప్ప కథే, కాదనను. కానీ చదివినప్పుడల్లా, ఆ రోజు ఆవిడ మూటలో ఏం పెట్టుకుందో, ఇంటికొచ్చి మళ్ళీ విప్పి దండెం మీద వేసినప్పుడు ఏమనుకుందో అని నాకు గుండె కలుక్కుమంటుంది. మాఘమాసం అంతర్వేది తీర్థంలో పగలు ఎండ చురుక్కుమంటుంది, రాత్రి సముద్రపు గాలికి దుప్పటి కావాలి. ఆవిడ దుప్పటి పెట్టుకునే ఉంటుంది.

ఎక్కడికీ వెళ్ళకుండానే వాతావరణం మన గుమ్మంలోకి వచ్చేసే రోజులు కూడా ఉన్నాయి. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద మీలో చాలామందికి జ్ఞాపకం ఉంటుంది. నాకు ఆరేళ్ళు. అమ్మమ్మగారి ఊరు ఒక లంక. అర్ధరాత్రి ఆవిడ పెట్టె తీసి ఎలా సర్దిందో ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. కంగారు లేదు. అడుగున ముతక, నడుమ పట్టాకాగితాలు, పైన తువ్వాళ్ళు, కాశీకి వెళ్తున్నట్టు. వెళ్ళింది ఏటిగట్టుకి. అక్కడ మూడు రోజులు ఒకటే వాన. తాటాకుల కింద అందరం తడిబట్టల్లో ముడుచుకుని కూర్చున్నాం. పాలు లేక ఏడ్చిన పిల్లలున్నారు, ఇల్లు కూలిందని ఏడ్చినవాళ్ళున్నారు. మూడోనాడు ఎండ కాసింది. చూస్తూండగానే ఏటిగట్టు పొడుగునా, కంటికి ఆనినంత మేరా చీరలు పరుచుకున్నాయి. ఎర్రవి, పచ్చవి, వెలిసినవి, చిరిగినవి. ఏ ఇంటి చీర ఏదో, ఏ కులం చీర ఏదో, పక్కపక్కన ఆరుతున్నాయి. మడి దండేల మాట ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. ఎండిన చీరలు మడిచి పెట్టుకున్నాక మళ్ళీ ఎత్తారనుకోండి.

పదేళ్ళకి, 1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చినప్పుడు పెట్టె సర్దే వ్యవధి కూడా లేకపోయింది. దాని గురించి ఇక్కడ రాయను.

ఇంతకీ బదరి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఫోను చెప్పిన చలి నిజమే. మా అమ్మ నా ఉన్నిటోపీ లాక్కుని, తిరిగొచ్చేదాకా ఇవ్వలేదు. కానీ చీరమీద మా శ్రీవారి పాత చొక్కా, దానిమీద స్వెట్టరు, దానిమీద శాలువా, ఇలా ఉల్లిపాయలా తయారై, ఎండొస్తే ఒక్కోటీ ఒలుచుకుంటూ, మబ్బేస్తే మళ్ళీ తొడుక్కుంటూ ఆవిడ హాయిగా దర్శనం చేసుకుంది. నేను కోటు వేసుకుంటే ఉక్క, తీస్తే వణుకు. మధ్యాహ్నం గుడి నుంచి బసకి వచ్చే దారిలో వాన కొట్టింది. ఇద్దరం తడిసిపోయాం.

గదిలోకి రాగానే అమ్మ ఒక్క మాటా మాట్లాడకుండా సంచీలోంచి తాడు తీసింది. కిటికీ ఊచకి ఒక కొస, మంచం కోడుకి ఒక కొస కట్టింది. మా శ్రీవారు ముడి సాయం పట్టారు. ఆవిడ నేతచీర, పాత చొక్కా, నా జీన్సు ప్యాంటు వరసగా వేలాడాయి. మర్నాడు పొద్దున్నకి కొండగాలికి చీర ఆరిపోయింది, చొక్కా ఆరిపోయింది. ప్యాంటు చివర్ల నుంచి ఇంకా బొట్టు బొట్టుగా నీళ్ళు కారుతున్నాయి.

దాన్ని ప్లాస్టిక్ సంచీలో కుక్కి, పీపల్‌కోటిలో ఓ రాత్రి ఆరేశాం. ఆరలేదు. కారు వెనక అద్దం దగ్గర పరిచాం. ఆరలేదు, డ్రైవరు వాసన వస్తోందన్నాడు.

రిషీకేశ్‌లో ఆరింది.